కోదండం టకటక

నిలబడి బతికెటోనికే తెలుస్తది కాళ్ల నొప్పంటే ఏందో. కోదండం దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద చీరెల షాపుల ముప్పై ఏండ్ల సంది సేల్స్‌మెన్. పరుపుల మీద కూసొని చీరెలు విప్పే కాలం పోయి కౌంటర్లు వచ్చినంక, పొద్దుగాల నిలబడ్డడంటే మళ్ల షట్టరు గుంజినంకనే కూసునుడు. యాభై నాలుగేండ్ల మనిషి, పిక్కలల్ల నరాలు ఉబ్బినయి. గడ్డిఅన్నారంల కిరాయి ఇంటికి చేరి, భార్య భాగ్యమ్మ పెట్టిన వేడినీళ్ల బకీట్ల కాళ్లు పెట్టుకుని, "ఇంగ నాతోని గాదు" అంటడు. తెల్లారి మళ్ల పోతడు. పోక ఏం జేస్తడు?

గీ మనిషి అమెరికా పాటలకు మాండొలిన్ వాయిస్తడంటే షాపుల ఒక్కడు నమ్మలే. పొద్దంత "మేడమ్, ఇది డబుల్ ఇక్కత్తు, రంగు దిగదు" అనుకుంట మడతలు విప్పి మడతలు పెట్టెటోడు, బ్యాండుల వాయిస్తడా? ఒకసారి ఫోన్ల వీడియో చూపెడితే, "కాకా, నీ తీరుగనే ఉన్నడు గద ఎవడో" అన్నడు క్యాషియర్. కోదండం ఇంగ ఎవ్వరికి చూపెట్టలే.

ఆయనది పోచంపల్లి దిక్కు మగ్గాల ఇల్లు. ముందరర్రల గుంట మగ్గం, అండ్ల తండ్రి, వంటింట్ల తల్లి సైదమ్మ. తెల్లారంగ మొదలైతె ఒకటే చప్పుడు, టక్ టక్ టక్. మగ్గాల ఇండ్లల్ల ఒక సంగతి ఉంటది. మగ్గం నడిచినంత సేపు ఆ చప్పుడు ఎవ్వల చెవికి ఎక్కది. ఆగిందా, వంటింట్ల చెయ్యి ఆగుతది. సైదమ్మ పొయ్యి కాడ నుంచే "పోగు తెగిందా?" అని కేకేసేది. తండ్రి "ఆ, తెగింది" అని పోగు అతికి మళ్ల మొదలువెట్టేటోడు. దినాం ఎన్నిసార్లు తెగితె అన్నిసార్లు అడిగేది. భాగ్యమ్మ పుట్టింది సుత అసొంటి ఇంట్లనే.

కోదండంకు నేత అబ్బలే. భజన మండలిల చిన్నాయన కాడ మాండొలిన్ అబ్బింది. పట్నమొచ్చి పొద్దంత షాపు, పొద్దుమూకినంక పెండ్లిండ్లల్ల ఆర్కెస్ట్రా. మంచిగనే నడిచింది కొన్నేండ్లు. గంతల కీబోర్డు అని ఒకటి దాపురించింది. ఒక మీట నొక్కితె మాండొలిన్, ఇంకొకటి నొక్కితె షెహనాయి. "అన్నా, ఏమనుకోకు, ఒక్కనికి పైసలిస్తె పదిమంది పని అయితుంది" అని చెప్పి పంపిచ్చిన్రు. ఏమనుకుంటడు? ఏమనుకుంటె మాత్రం ఎవడింటడు? మాండొలిన్ తెచ్చి బీరువ మీద పెట్టిండు. దాని మీద దుమ్ము, దుమ్ము మీద భాగ్యమ్మ దీపావళికి దీపావళికి తుడుపుడు.

దాన్ని మళ్ల కిందికి దించింది నాగార్జున. వాళ్లది గుడివాడ దిక్కు. తండ్రి త్రినాథరావు దిల్‌సుఖ్‌నగర్‌ల కోచింగ్ సెంటర్ పెట్టిండు, కొడుకు అండ్లనే ఫిజిక్స్ చెప్తడు. పదేండ్ల కింద తల్లితోని చీరెలకొచ్చిండు. ఆమె చీరె చీరెకు వంక పెడుతుంటె, ఏం తోచక కోదండం గజం కట్టెతోని కౌంటర్ మీద టకటక కొడుతున్నడు. నాగార్జున ఫోన్ పక్కకు పెట్టి అటే చూసిండు.

"బాబాయ్, మీరేమన్నా వాయిస్తారా?"

"ఒకప్పుడు మాండొలిన్ వాయించేది సార్."

"మాండొలిన్నా!" పిలగాని మొకం ఎట్ల వెలిగిందంటె, అడ్రస్ లేని ఊర్లె సొంత చుట్టం దొరికినట్టు వెలిగింది. వాళ్లమ్మ చీరె కొన్నదో లేదో గాని, కోదండం మాత్రం ఆ పొద్దే బ్యాండుల చేరిండు.

ఆ బ్యాండు పేరు 'గడ్డిఅన్నారం గ్రాస్'. అది వాయించేది బ్లూగ్రాస్ అనే పాట. అమెరికాల కొండపల్లెల పాటంట. డ్రమ్ములుండవు, కరెంటు వాయిద్యాలుండవు, అన్ని తీగెలే. నాగార్జున బాంజో వాయించుకుంట పాడుతడు. సింధూర అనే బ్యాంకు పిల్ల వయొలిన్. చక్రపాణి అని సర్కారు బడి టీచరు, మనిషెత్తు బేసు పట్టుకుంటడు. పట్నమంత సినిమా పాటలకు ఎగురుతుంటె వీళ్లు నలుగురు గీ పాట పట్టుకున్నరు. ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటరు సూడు, అదే.

ఆదివారం పొద్దుగాల కోచింగ్ సెంటర్ ఖాళీగ ఉంటది. బోర్డు మీద కెమిస్ట్రీ లెక్కలు, కింద బెంచీలు పక్కకు జరిపి, కోదండం షాపు తెరవకముందే వీళ్ల ప్రాక్టీసు. ఆ పాటకు ఒక మర్యాద ఉన్నది. అందరికి కలిపి ఒక్కటే మైకు. దాని సుట్టు నిలబడాలె. ఎవరి వంతు వస్తె వాళ్లు మైకు దగ్గరికి పోవాలె, తక్కినోళ్లు రెండడుగులు వెనుకకు జరగాలె. ముందుకు వచ్చుడు కన్న వెనుకకు జరుగుడే పెద్ద విద్య అని నాగార్జున మొదటి దినమే చెప్పిండు. కోదండంకు అది ఇట్టె పట్టువడ్డది. షాపుల కస్టమర్ వస్తె ముందుకు, అద్దంల చూసుకుంటుంటె వెనుకకు, బతుకంత చేసింది అదేనాయె.

డ్రమ్ము లేని పాటకు తాళం ఎవరు పట్టాలె? మాండొలిన్ పట్టాలె. తీగెలను ఎడమ చేతితోని అదిమి, కుడి చేతితోని కురచగ ఒక్క కొట్టుడు. టక్. పాటంత అట్లనే టక్, టక్. "మీరు ఆపితే మేమంతా కింద పడతాం బాబాయ్" అనేటోడు నాగార్జున. ఆ మాట కోదండం ఎన్నడు మరవలే. షాపుల కాళ్లు లాగినప్పుడల్ల యాది చేసుకునేటోడు. ఇంట్ల ప్రాక్టీసు చేస్తుంటె, చీరెలకు ఫాల్స్ కుట్టుకుంట భాగ్యమ్మ, "మగ్గం తప్పిందని పట్నమొస్తె నీ టకటక తప్పకపాయె. నా ఖర్మ" అని తిట్టేది.

పదేండ్లు వాయించిన్రు. వినెటోళ్లు ఎందరు? కేఫులల్ల ఇరవై మంది, అండ్ల పదిమంది బిర్యానీ ఎప్పుడొస్తదని చూసెటోళ్లు. చెవిటోని ముందర శంఖం ఊదినట్టే. నాగార్జునకు సుత విసుగు పుట్టింది. ముప్పై అయిదేండ్లు నెత్తిమీదికొచ్చినయి, తండ్రి దినాం దెప్పుతడు. ఎల్‌బీ నగర్ చౌరస్తా దగ్గర కొత్త మాల్ మీద డాబా హోటల్ పెట్టినోళ్లు, ఆదివారం ఆదివారం షోలు ఇస్తమన్నరు. గాని ఒక షరతు. గీ కూనిరాగాలు గాదు, రాక్ గావాలె. జనం కుర్సీలల్ల నుంచి లేవాలె.

గట్లొచ్చిండు ప్రసన్నకుమార్, డ్రమ్ములు ఏసుకుని. మంచి పిలగాడే. "అంకుల్, అంకుల్" అంటడు. గాని ఆ పిలగాడు కాలుతోని ఒక్క గుద్దు గుద్దితె కోచింగ్ సెంటర్ కిటికీలు వణికినయి. నాగార్జున బాంజో పక్కకు పెట్టి కరెంటు గిటారు అందుకున్నడు. చక్రపాణి మనిషెత్తు బేసు ఇడిసిపెట్టి సన్న కరెంటు బేసు ఏసుకున్నడు. సింధూర వయొలిన్‌కు సుత వైరు పెట్టింది. ఒక్క మైకు పోయి తలా ఒక మైకు, తలా ఒక వైరు. పాట బాగలేదా అంటె, అబద్ధమెందుకు, బాగనే ఉన్నది. కోదండం కాలు సుత ఆడింది. గాని టక్ అని ఆయన కొట్టే చోట్లనే డ్రమ్ము సుత కొడుతది. ఒకే దర్వాజకు రెండు గొళ్లాలేసినట్టయింది.

పోయిన ఆదివారం ప్రాక్టీసు అయినంక నాగార్జున ఆయన పక్కకొచ్చి బెంచీ మీద కూసున్నడు. మాట ఎట్ల మొదలుపెట్టాలో తెలియక బోర్డు దిక్కు చూసిండు.

"బాబాయ్, మీ దగ్గర దాచేదేముంది. హోటల్ వాళ్లు అయిదుగురెందుకు, నలుగురు చాలరా అంటున్నారు. ఈ మొదటి షో చూద్దాం. మాండొలిన్ డ్రమ్స్‌తో కలిసిపోతే మీరు మాతోనే. లేదంటే... అప్పుడప్పుడూ గెస్టుగా రండి."

"నా వంతు సోలో ఉంటదా?" అని అడిగిండు కోదండం.

"అక్కడ గిటార్ పెట్టాం కదా బాబాయ్."

"మంచిది" అన్నడు. బయటికొచ్చి మెట్ల మీద కూసున్నడు. అన్నన్నా! కీబోర్డు అప్పుడు సుత ఇట్లనే, "ఏమనుకోకు" అని మెత్తగనే చెప్పిన్రు. ఇది సుత పోతె ఇంగ బీరువ మీది జాగనే. మూడో బ్యాండు ఎక్కడ దొరుకుతది ఈ వయసుల? దొరికినా నిలబడే ఓపిక ఏది? పోవద్దు, పోనియ్యొద్దు అనుకున్నడు. ఆ వారమంత షాపుల చీరెలు మడత పెట్టుకుంట చేతివేళ్లతోని కౌంటర్ కింద టకటక కొట్టుకుంటనే ఉన్నడు.

షో ఉన్న ఆదివారం షావుకారు లీవు ఇయ్యనన్నడు. ఆదివారమే గదా గిరాకి. తన వారపు సెలవు వదులుకుని, ఇంకొక సేల్స్‌మెన్‌ను బతిమాలి, సగం పూట ఇడిపిచ్చుకున్నడు. ఇంటికొచ్చి చూస్తె భాగ్యమ్మ మంచి చీరె కట్టుకుని తయారున్నది.

"నువ్వెక్కడికే?"

"పదేండ్ల సంది ఆదివారమొస్తె మాయమైతున్నవు. అక్కడ ఎవ్వతె ఉన్నదో చూసొస్తా."

"ఉన్నది గద, సింధూర అని, వయొలిన్ పిల్ల. నా బిడ్డంత ఉంటది."

"సూడకుంట ఎట్ల నమ్ముతా? పా, మెట్రోల సీటు దొరకదు మళ్ల" అని తాళమేసింది. ఈ షోతోని తన సంగతి తేలుతదని కోదండం ఆమెకు చెప్పలే. చెప్పితె హోటలోళ్లను అక్కడనే తిడుతది.

డాబా మీద ఇంక ఎండ తగ్గలే. కింద విజయవాడ రోడ్డు మీద బస్సుల హారన్లు. భాగ్యమ్మను వెనుక బల్ల కాడ కూసోపెట్టిన్రు. నిమ్మకాయ సోడా రేటు చూసి, "అమ్మో, చెట్టే కొనొచ్చు" అన్నది. నాగార్జున స్టేజీ మీద తెల్ల టేపుతోని గుణకారం గుర్తులు పెట్టిండు, ఎవరి జాగ వాళ్లకు.

"బాబాయ్, ఈ గుర్తు మీదే ఉండండి. కదలొద్దు. వైరు పొట్టిది."

మాండొలిన్ అడుగున గుచ్చిన స్పీకర్ వైరును చూసి ప్రసన్నకుమార్ డ్రమ్ముల కాడ నుంచి అన్నడు: "అంకుల్, వైరుని భుజం పట్టీలోంచి తిప్పి గుచ్చుకోండి. లాగినా ఊడదు."

"సరే బాబు" అన్నడు. గాని అట్ల తిప్పితె మెడకు పలుపేసినట్టు అనిపిచ్చింది. వదిలిపెట్టిండు.

మొదటి పాట ఎత్తుకున్నరు. నిండ జనమే. కోదండం మాండొలిన్ సన్నగ, డ్రమ్ముల అడుగున ఎక్కడనో వినవడ్డది. ఉన్నననుకున్నడు. పోనీలె, సన్నగనైనా ఉన్న గద. రెండో పాట నాగార్జున సొంతంగ కట్టిన రైలు పాట. ఒకప్పుడు అది మాండొలిన్‌తోనే మొదలయ్యేది, ఇప్పుడు గిటారు గర్జనతోని మొదలైంది. కుర్సీలు జరిగిన చప్పుడైంది. జనం లేచిన్రు. పిల్లలు, పిలగాండ్లు, ఒక ముసలాయన సుత తలకాయ ఊపుతున్నడు. నడుమల సింధూర వయొలిన్ వంతొచ్చింది.

పదేండ్ల అలవాటు. వయొలిన్ వంతు రాంగనే కోదండం కాళ్లు వాటంతట అవే రెండడుగులు వెనుకకు జరిగినయి. సింధూరకు జాగియ్యాలె గద! ఒక్క మైకు లేదని, జాగియ్యాల్సిన పనే లేదని కాళ్లకు ఎవరు చెప్పిన్రు? అడుగున ఏదో లాగినట్టయింది. 'ఠప్' మన్నదేమో గాని, ఆ డ్రమ్ములల్ల ఎవలికి తెలుస్తది? ఆయన కొట్టుకుంటనే ఉన్నడు. వయొలిన్ వంతు అయినంక ముందుకొచ్చి కిందికి చూసిండు. తెల్ల టేపు గుర్తు మీద వైరు కొస పడి ఉన్నది.

వంగి గుచ్చుదామంటె పాట నడుమల 'గుర్ర్' అని లేస్తది, షో ఖరాబైతది. నాగార్జున దిక్కు చూసిండు. ఆయన కండ్లు మూసుకుని పాడుతున్నడు. చక్రపాణి దిక్కు చూసిండు. నవ్విండు చక్రపాణి, బాగున్నదన్నట్టు. సౌండు పిలగాడు ఫోన్ చూసుకుంటున్నడు. కోదండం చెయ్యి మెల్లగ చేసి ఆపేసిండు. ఊకె చూద్దామని ఆపిండు. "మీరు ఆపితే మేమంతా కింద పడతాం" అన్నడు గద.

ఎవ్వరు పడలే. పాట ఇంక జోరైంది. జనం చప్పట్లతోని తాళమేస్తున్నరు.

ఆపిన చెయ్యి ఎంత బరువైందో చెప్పరాదు. స్టేజీ మీద ఊకె నిలబడితె మంది చూస్తరని, మళ్ల కొట్టుడు మొదలుపెట్టిండు. తీగెల మీద చెయ్యి ఆడుతున్నది, సప్పుడు ఆయన పొట్టకు తప్ప ఎవ్వలికి తెలుస్తలేదు. ఏడుపొచ్చింది. యాభై నాలుగేండ్లోడు లైట్ల కింద ఏడుస్తె బాగుండదని గట్టిగ ఊపిరి పీల్చుకున్నడు. పాట అయినంక వంగి, వైరు గుచ్చుకుని, తక్కిన పాటలన్ని గుర్తు మీదనే కదలకుంట నిలబడి వాయించిండు. కాళ్లు బండలైనయి.

షో అయిపోయింది. నాగార్జున చెమటలు కక్కుకుంట వచ్చి రెండు చేతులతోని గట్టిగ పట్టుకున్నడు. పిలగాని కండ్లల్ల నీళ్లు, సంతోషంతోని.

"బాబాయ్! ఒప్పేసుకున్నారు, అయిదుగురికీ! మీ గురించే నాకు భయం ఉండేది తెలుసా? ఆ రైలు పాటలో అయితే, అబ్బ, ఎక్కడా అడ్డం రాలేదు. అంత చక్కగా కలిసిపోయింది. అన్ని పాటలూ అలాగే వాయించేయండి, చాలు."

కోదండం ఆ మొకం దిక్కు చూసిండు. వైరు ఊడిందని నోటిదాక వచ్చింది. ఎన్నేండ్లకో గింత సంబురం చూస్తున్నడు పిలగాడు, దాని మీద నీళ్లు చల్లబుద్ధి కాలే. "సంతోషం నాయనా" అన్నడు. సింధూర వచ్చి "బాగా అలిసిపోయినట్టున్నారు బాబాయ్ గారూ" అన్నది. "అవునమ్మా" అన్నడు. ఆ ఒక్కటి నిజమే చెప్పిండు.

కిందికి దిగి, మెట్రో మెట్లు ఎక్కే ఓపిక లేక, ఫ్లైఓవర్ పక్కన బస్టాపుల బల్ల మీద కూలవడ్డడు. అప్పుడప్పుడే పొద్దు గూకుతున్నది. "సూర్యాపేట, కోదాడ" అని కండక్టర్లు అరుస్తున్నరు. భాగ్యమ్మ పక్కన కూసున్నది. సంచిల నుంచి నీళ్ల సీస తీసిచ్చింది.

"పిల్లను చూసినవా?" అన్నడు, మాట మళ్లిద్దామని.

"చూసిన. బంగారమసొంటి పిల్ల." చెంగుతోని మొకం తుడుచుకుని, రోడ్డు దిక్కే చూసుకుంట అడిగింది: "రెండో పాటల పోగు తెగిందా?"

కోదండం నోట్ల నీళ్లు నోట్లనే ఆగినయి. మింగి, సీస మూత పెట్టిండు.

"నీకెట్ల తెలుసు? అంత లొల్లిల?"

"ఏమో. నీ టకటక ఆగింది. సోడా తాగుతున్న, గిలాస కింద పెట్టిన. చూస్తె నీ చెయ్యేమో ఆడుతనే ఉన్నది. ఇదేంది, మగ్గం నడుస్తుంటె బట్ట పడకుండుడు ఏంది అనుకున్న."

"వైరు ఊడింది భాగ్యా. పాటంత ఉత్తగనే కొట్టిన. ఎవ్వరికి తెలువలే. ఇంక మంచిగున్నదన్నడు, ఉండుమన్నడు."

"ఉంటవా?"

ఉండనీకే కదా వారమంత కొట్టుకలాడింది. సెలవు వదులుకున్నది, బతిమాలింది. ఇప్పుడు కాళ్ల దిక్కు చూసుకున్నడు. ఆ గుర్తు మీద ఆదివారం ఆదివారం నిలబడుడు యాదికొచ్చింది. నిలబడెటందుకు షాపున్నది.

"ఉండ" అన్నడు. "రేపు ఫోన్ చేసి చెప్త."

చెప్పినంక ఏడ్చిండు. బస్టాపుల మంది చూస్తున్నరని సుత చూడలే. భాగ్యమ్మ ఆయన ఒళ్లె నుంచి మాండొలిన్ పెట్టె తీసి తన ఒళ్లె పెట్టుకున్నది. దిల్‌సుఖ్‌నగర్ బస్సు వచ్చి ఆగి పోయింది, ఎక్కలే.

"బీరువ మీద పెట్టకు మళ్ల. దుమ్ము నేను తుడువ" అన్నది. "ఇంట్లనే కొట్టు. ఆగితె నేను అడుగుత."